బెంగళూరులో క్రాఫ్ట్ బీర్ ఫెస్టివలా, బ్రూవరీలు తిరగడమా, ఒకేచోట సిట్టింగా? మీ గ్యాంగ్‌కి ఏది సరిపోతుంది

క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీలు, అంటే బీరు తయారుచేసే చోట్లు, కొద్ది మోతాదులో చేసే బీరు) ఫెస్టివల్ టికెట్ లింకు వాట్సాప్ గ్రూపులో పడగానే మాటలు మొదలవుతాయి. "పదండి, బోలెడు రకాలు ఉన్నాయంట" అని ఒకరు. "ఆ డబ్బుతో ఇందిరానగర్ పబ్‌లో హాయిగా కూర్చోవచ్చు కదా" అని ఇంకొకరు. "నేను తాగను, నన్నెందుకు లాగుతారు" అని మూడో మనిషి. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. గ్రూపులో పోల్ పెట్టి ఎక్కువ ఓట్లు దేనికి పడితే అక్కడికి వెళ్ళిపోతే మాత్రం, ఓడిపోయినవాళ్ళు రోజంతా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. మంచి ఆదివారం పాడవుతుంది.

నా లెక్క ముందే చెప్తాను. ఫెస్టివల్‌లో చిన్న గ్లాసులో పోస్తారని తెలిస్తే ఫెస్టివల్‌కే వెళ్ళండి. పెద్ద గ్లాసు మాత్రమే ఉంటే మెట్రో ఎక్కి రెండు బ్రూవరీలు తిరగండి. గ్యాంగ్‌లో సగం మంది చాలా రోజుల తర్వాత కలుస్తుంటే ఈ రెండూ వదిలేసి ఒకేచోట టేబుల్ బుక్ చేసుకోండి. ఇలా ఎందుకంటున్నానో కింద వివరంగా చెప్తాను.

చిన్న గ్లాసు ఎందుకంత ముఖ్యం

ఫెస్టివల్ బలం ఒక్కటే. నాలుగైదు బ్రూవరీల బీర్లు పక్కపక్కన పెట్టుకుని రుచి చూడొచ్చు. మామూలు రోజున అది కుదరదు, ఎందుకంటే బ్రూపబ్‌లో (సొంతంగా బీరు తయారుచేసి అక్కడే అమ్మే పబ్) దాదాపుగా వాళ్ళ ట్యాంకుల్లో తయారైనదే పోస్తారు. 100 నుంచి 150 మి.లీ. గ్లాసులైతే ఐదు రకాలు చూసినా మొత్తం కలిపి ఒక పింట్ (ఇక్కడ 500 మి.లీ. అనుకోండి), మహా అయితే పింటున్నర అవుతుంది. ప్రతి స్టాల్‌లోనూ 500 మి.లీ. కొనాల్సి వస్తే రెండో స్టాల్ దగ్గరే కడుపు నిండుతుంది, మూడో స్టాల్‌లో ఏం తాగారో కూడా గుర్తుండదు. అప్పుడిక అంతదూరం వచ్చి లైన్లో నిలబడటంలో అర్థం లేదు.

ఒక ఉదాహరణ చూడండి. గోధుమ బీర్లలో రెండు రకాలు బెంగళూరులో చాలాచోట్ల దొరుకుతాయి: జర్మన్ పద్ధతి హెఫెవైజెన్, బెల్జియన్ విట్. రెండూ లేత పసుపు రంగులో, కాస్త మబ్బుగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. హెఫెవైజెన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోండి. ముందు బాగా మగ్గిన అరటిపండు, దాని వెనకాలే లవంగం. ఆ బీరులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. ఆ రెండు వాసనలూ బీరుని పులియబెట్టే ఈస్ట్ నుంచే వస్తాయి. ఇప్పుడు విట్ తీసుకోండి. ఇందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. పచ్చి ధనియాలు అరచేతిలో నలిపితే వచ్చే ఆ ఘాటు మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి వెంటనే పట్టుబడుతుంది. బవేరియాలో 1516లో వచ్చిన చట్టం బీరులో బార్లీ, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు), నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదంది. గోధుమ బీరు ప్రత్యేక అనుమతి మీద బతికింది కానీ, అక్కడ మసాలాలకు చోటు లేకపోయింది. బెల్జియంలో అలాంటి కట్టుబాటు లేదు. అయినా విట్ ఒక దశలో దాదాపు కనుమరుగైపోతే, హూగార్డెన్ ఊళ్ళో పియర్ సెలిస్ అనే పాల వ్యాపారి 1960ల్లో దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. రెండు గ్లాసులు చేతిలో పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వాసన చూస్తే ఇదంతా ఒక నిమిషంలో అర్థమవుతుంది. ఒకటి ఈ నెల, ఇంకొకటి వచ్చే నెల తాగితే ఎప్పటికీ అర్థం కాదు.

అందుకే టికెట్ కొనేముందు నిర్వాహకులకు మెసేజ్ పెట్టి "టేస్టర్ సైజు ఉందా, ఎన్ని మి.లీ.?" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేదనే అనుకోండి.

రుచి చూసే వరుస కూడా చెప్పాలి. తేలిక నుంచి బరువుకి వెళ్ళాలి: ముందు లాగర్, బ్లాండ్ లాంటి తేలికపాటివి, తర్వాత విట్, హెఫెవైజెన్, ఆ తర్వాత ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ఎక్కువ వేసిన చేదు బీరు), చివర్లో స్టౌట్ (నల్లటి గాఢమైన బీరు). ఐపీఏతో మొదలుపెడితే హాప్స్ చేదు నాలుక మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి లాగర్ తాగినా నీళ్ళలా అనిపిస్తుంది. మధ్యమధ్య మంచినీళ్ళు తాగాలి, గ్లాసు కడుక్కోవాలి. లోపల నీళ్ళు ఉచితంగా పెడతారో లేదో కూడా ముందే అడగాల్సిన విషయమే.

అన్‌లిమిటెడ్ టికెట్ వద్దు

ఫెస్టివల్ టికెట్లు సాధారణంగా మూడు రకాలు. ఎంట్రీ మాత్రమే ఇచ్చేది, కొన్ని గ్లాసులు కలిపి ఇచ్చేది, అన్‌లిమిటెడ్. మూడోది చూడగానే లాభంగా కనిపిస్తుంది. నేను మాత్రం గట్టిగా వద్దంటాను. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 500 మి.లీ. బీరులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన ఒళ్ళు గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. అంటే ఒక్క పింట్‌కే రెండు గంటల పైన పడుతుంది. పైగా ఫెస్టివల్‌లో 7, 8 శాతం బీర్లూ ఉంటాయి, అందరి చూపూ వాటి మీదే పడుతుంది. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి వసూలు చేసుకోవాలన్న తొందరలో, రుచి చూద్దామని వచ్చినవాళ్ళు మత్తులో ఒక మూల కూర్చుంటారు. వాళ్ళని చూసుకోవడానికి మరో ఇద్దరి సాయంత్రం పోతుంది. గ్లాసు గ్లాసుకీ డబ్బు కట్టే పద్ధతిలో చేయి దానంతటదే అదుపులో ఉంటుంది.

చాలాచోట్ల లోపల నగదు నడవదు. చేతికి బ్యాండ్ కట్టి అందులో డబ్బు వేయించుకోమంటారు. మిగిలిన డబ్బు వెనక్కిస్తారా, ఎన్ని రోజుల్లో, ఏమైనా కోత పెడతారా అన్నది గేటు దగ్గరే అడగండి. పెద్ద మొత్తం ఒకేసారి వేయకండి. అయితే సాయంత్రం టాప్-అప్ లైను బీరు లైను కంటే పొడుగ్గా ఉంటుంది కాబట్టి, సరిపోయేంత ముందే వేసుకోవడం మేలు.

ఇంకో ముఖ్యమైన సలహా. గేట్లు తెరిచే టైముకే వెళ్ళండి. మధ్యాహ్నం ఎండ కాస్త ఉన్నా జనం ఉండరు, స్టాల్ దగ్గర బీరు తయారుచేసినవాళ్ళే నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. "ఇది ఎప్పటి బ్యాచ్? మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎక్కడిది? ఈస్ట్ ఏది వాడారు?" అని అడిగితే ఓపిగ్గా చెప్తారు. ఏడు దాటాక ఆ మాటలకి వాళ్ళకీ తీరిక ఉండదు, మీకూ వినపడదు. బహిరంగ మైదానంలో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు ఆపాలి కాబట్టి చివరి రెండు గంటల్లోనే పాటల హోరూ జనమూ ఒక్కసారిగా పెరుగుతాయి. పాటల కోసమే వెళ్ళేవాళ్ళకి ఆ టైమే కావాలి. బీరు కోసం వెళ్ళేవాళ్ళు అప్పటికి బయటికి వచ్చేస్తే మంచిది.

ఎండలో పెట్టిన కెగ్‌ల (బీరు నింపే పెద్ద డబ్బాల) నుంచి వచ్చే బీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. గ్లాసు చేతికి రాగానే వాసన చూడండి. సినిమా హాల్ పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన వస్తే, బీరు పూర్తిగా సిద్ధం కాకముందే తీసినట్టో, పైపులు శుభ్రంగా లేనట్టో. తడిసిన అట్టపెట్టె వాసనైతే గాలి తగిలి పాతబడింది. హెఫెవైజెన్‌లో పులిసిన మజ్జిగ పులుపు తగిలితే ఎక్కడో తేడా కొట్టింది. మొహమాటపడకుండా మర్యాదగా వెనక్కిచ్చి ఇంకోటి అడగండి. తమ బీరు మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఎవరూ ఏమీ అనుకోరు.

వాన సంగతి మరిచిపోవద్దు. మే నెలలోనూ, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకానూ బెంగళూరు సాయంత్రాలకి నమ్మకం లేదు. ఆ నెలల్లో ఫెస్టివల్ అయితే పైకప్పు ఉన్న చోటేనా అని చూసుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే రెండో ఆలోచనే అక్కర్లేదు, స్వెట్టర్ ఒకటి ఉంటే చాలు.

మెట్రో దారిలో రెండు బ్రూవరీలు

ఇది ఏ వారాంతమైనా కుదిరే దారి. టికెట్ లేదు, వాన భయం లేదు. పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఆగకుండా నడుస్తోంది. మన గ్యాంగులు సగం వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం వైపే ఉంటాయి కాబట్టి ఈ లైను బాగా కలిసొస్తుంది.

నాకు నచ్చిన వరుస ఇది. మధ్యాహ్నం ఎంజీ రోడ్ స్టేషన్‌లో దిగి రెసిడెన్సీ రోడ్‌లో ఆంధ్రా భోజనం. నాగార్జునలో అరిటాకు భోజనం, పప్పు, గన్‌పౌడర్ అనే పొడి, నెయ్యి. కడుపు నిండా అన్నం తిన్నాకే బీరు సంగతి. అక్కణ్ణుంచి మాగ్రాత్ రోడ్‌లోని ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీకి మెల్లగా నడిచి వెళ్ళొచ్చు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్ ఊరి బ్రూవరీకి ఇది బెంగళూరు శాఖలా 2012లో మొదలైంది. అమెరికన్ పద్ధతి చేదు బీర్లు ఇష్టపడేవాళ్ళు ఇక్కడి ఐపీఏ రుచి చూడొచ్చు. సాయంత్రానికి మళ్ళీ మెట్రో ఎక్కి ఇందిరానగర్‌లో దిగితే 100 అడుగుల రోడ్‌లో, స్టేషన్‌కి దగ్గర్లోనే టాయిట్. 2010 నుంచి ఉంది, ఈ ఊరికి క్రాఫ్ట్ బీరు అలవాటు చేసిన తొలి చోట్లలో ఒకటి. అక్కడ బాస్మతి బ్లాండ్ అని బాస్మతి బియ్యంతో చేసే బీరు ఉంది. అన్నం తినేవాళ్ళం కాబట్టి చెప్తున్నాను, ఒకసారి తప్పక చూడండి. బియ్యం వేసిన బీరు తేలిగ్గా ఉంటుంది, మింగాక నోట్లో రుచి ఎక్కువసేపు అంటుకుని ఉండదు.

ఈ దారిలో ఇబ్బంది ఒకటే. శని, ఆదివారాల సాయంత్రం ఇందిరానగర్‌లో టేబుల్ దొరకడం కష్టం. ఆరుగురు దాటితే ఇంకా కష్టం. నలుగురైతే ఇది దివ్యంగా ఉంటుంది. మూడో బ్రూవరీ కూడా చూద్దామని ఆశపడకండి. రెండు చోట్లా తీరిగ్గా కూర్చుని శాంప్లర్ ట్రే (చిన్న గ్లాసుల్లో రకరకాల బీర్లు) అడిగి పంచుకుంటే రోజు సరిపోతుంది.

ఒకేచోట కూర్చోవడం

ఎనిమిది మంది దాటిన గ్యాంగ్, కొత్తగా పెళ్ళైన జంటలు, చాన్నాళ్ళకి కలుస్తున్న కాలేజీ బ్యాచ్ ఉంటే దీన్ని మించింది లేదు. సర్జాపూర్ రోడ్‌లోనూ హెన్నూర్‌లోనూ ఉన్న బిగ్ బ్రూస్కీ లాంటివి చాలా పెద్ద ప్రాంగణాలు, పెద్ద గుంపుకి చోటు దొరుకుతుంది. వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ వేరే రకం. గోడల నిండా పుస్తకాలు, లోపల జాజ్ కచేరీల కోసం థియేటర్. మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళకి కచేరీ లేని పూట మేలు.

ఒకేచోట అంటే ఒకే బ్రూవరీ రుచులు. అది లోటే. కానీ సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో చాలా బ్రూవరీలు ఆక్టోబర్‌ఫెస్ట్ పేరుతో మార్జెన్ లాంటి బీర్లు చేస్తాయి. మ్యూనిక్‌లో 1810లో రాజకుమారుడి పెళ్ళి సంబరాలతో మొదలైన పండగ అది. కాస్త రాగి రంగులో, రొట్టె కాల్చిన వాసనతో ఉండే ఈ మార్జెన్ ఇక్కడ ఏడాది పొడవునా అన్నిచోట్లా దొరకదు. ఆ సీజన్‌లో ఒకేచోట కూర్చున్నా కొత్త రుచి దొరికినట్టే.

తాగనివాళ్ళ సంగతి

గ్యాంగ్‌లో తాగని మనిషి ఉంటే నిర్ణయం వాళ్ళని అడిగాకే తీసుకోవాలని నా గట్టి నమ్మకం. ఫెస్టివల్‌లో వాళ్ళకి తక్కువ ధర టికెట్ ఉందా? లేకపోతే మనం తాగడం చూడటానికి వాళ్ళు పూర్తి టికెట్ కొన్నట్టు అవుతుంది. ఆ టికెట్ డబ్బు మిగతావాళ్ళు పంచుకోవడం న్యాయం. బ్రూపబ్‌లో అయితే ఆ గొడవ లేదు, తిన్నదానికే కడతారు. బిల్లు కట్టేటప్పుడు తిండి, మందు వేరు చేసి పంచుకోండి. తలా ఇంత అని సమానంగా కొట్టేస్తే నిమ్మరసం తాగిన మనిషి పైకి నవ్వినా లోపల నొచ్చుకుంటారు. అలాగే "ఒక్క సిప్పే కదా" అని బలవంతం చేయడం ఎక్కడైనా తప్పే.

స్టఫ్ ఏం తీసుకోవాలి

మనవాళ్ళు మెనూ చూడగానే చిల్లీ చికెన్, పెప్పర్ మటన్ చెప్పేస్తారు. మంచిదే. కానీ దాని పక్కన ఐపీఏ పెట్టకండి. హాప్స్ చేదు, ఎక్కువ ఆల్కహాల్ కలిసి మిర్చి మంటని ఇంకా పెంచుతాయి. గుంటూరు కారం తినే నాలుకకి కూడా అక్కడ చెమటలు పడతాయి. కారానికి హెఫెవైజెన్, విట్, చల్లటి లాగర్ సరైన తోడు. వేపుళ్ళకి, పొగ వాసన ఉన్న కబాబులకి స్టౌట్ బాగుంటుంది. దానిలో మాడేదాకా వేయించిన గింజల రుచి ఉంటుంది కాబట్టి రెండూ కలుస్తాయి. ఉప్పు వేసిన పల్లీలు దేనితోనైనా సరే.

ఖర్చు, ఇంటికి చేరడం

ఖర్చు పోల్చాలంటే 100 మి.లీ.కి ఎంత పడిందో చూడండి. ఫెస్టివల్ టికెట్ 600, 150 మి.లీ. గ్లాసు 150 అనుకుందాం. ఆరు గ్లాసులకి 900, మొత్తం 1500. వచ్చింది 900 మి.లీ., అంటే 100 మి.లీ.కి సుమారు 167 రూపాయలు. పబ్‌లో 500 మి.లీ. 450 అనుకుంటే 100 మి.లీ.కి 90. డబ్బు ఒక్కటే చూస్తే పబ్బే గెలుస్తుంది. ఆ తేడా ఆరు బ్రూవరీల రుచికి, పాటలకి కడుతున్నాం అనుకుంటే ఫెస్టివల్ ఖరీదైనదేం కాదు. మీ టికెట్ ధర పెట్టి లెక్క మళ్ళీ వేసుకోండి. పబ్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు.

బండి తీసుకెళ్ళొద్దు. మూడు దారుల్లో దేనికైనా ఇది మారదు. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసు. 70 కిలోల మనిషి కూడా ఒక్క పింట్‌తోనే ఆ గీత దాటే అవకాశం ఉంది. మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. అన్నిటికంటే రోడ్డు మీద మనకీ ఎదుటివాళ్ళకీ ప్రాణం ముఖ్యం. చివరి మెట్రోలు రాత్రి 11 ప్రాంతంలో బయల్దేరతాయి, యాప్‌లో ఆ రోజు టైము చూసుకోండి. ఫెస్టివల్ పదికి ముగిస్తే వందల మంది ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు. తొమ్మిదిన్నరకే బయటికి వచ్చి మెయిన్ రోడ్డు దాకా నడిచి ఎక్కండి. ఈ విషయంలో మెట్రో పక్కనున్న ఇందిరానగర్‌కి సర్జాపూర్ రోడ్ సాటిరాదు.

హైదరాబాద్ నుంచి స్నేహితులు వస్తుంటే కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మధ్యాహ్నానికి దింపుతుంది. ఆ రోజు ఫెస్టివల్ పెట్టుకోకండి. ప్రయాణ బడలికతో ఎండలో నిలబడితే బీరు తొందరగా ఎక్కుతుంది. మొదటి సాయంత్రం ఒకేచోట సిట్టింగ్, మర్నాడు ఫెస్టివల్ పెట్టుకుంటే వాళ్ళకీ మీకూ సుఖం. అనంతపురం, హిందూపురం, చిత్తూరు నుంచి కార్లో వచ్చేవాళ్ళకైతే రాత్రి ఉండటానికి చోటు ముందే చూసి పెట్టండి, అదే రాత్రి వెనక్కి పోతామంటే ఒప్పుకోకండి.

అందరూ వయసు చూపించే ఐడీ కార్డు తెచ్చుకోవాలి. గేటు దగ్గరా పబ్‌లోనూ 21 నిండిందా అని అడుగుతారు. తేదీ ఖాయం చేసేముందు క్యాలెండర్ చూడండి: అక్టోబర్ 2న మందు అమ్మరు, ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ అంతే. ఆక్టోబర్‌ఫెస్ట్ వారాంతం గాంధీ జయంతి పక్కన పడే ఏళ్ళలో ముందు వారమే పెట్టుకుంటే టేబుల్ కూడా సులువుగా దొరుకుతుంది.